ఏ రంగు దారి మనది? ఫ్రాన్స్ అడవుల్లో సైకిల్ తొక్కే పిల్లలు నేర్చుకునే పాఠం

మీ పదేళ్ల బాబో పాపో ఒక అడవి అంచున సైకిల్ పట్టుకుని నిలబడ్డారనుకోండి. ఎదురుగా ఒక చెక్క స్తంభం. దానికి నాలుగు చిన్న పలకలు: ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు. నాలుగు దారులూ ఆ అడవిలోకే వెళ్తాయి, చుట్టి మళ్లీ ఈ ఊరికే వస్తాయి. టికెట్ ఇచ్చేవారు లేరు. గేటు దగ్గర ఆపి "నువ్వు ఈ దారికి పనికిరావు" అని చెప్పేవారూ లేరు. ఏ దారిలో వెళ్లాలో సైకిల్ తొక్కేవాళ్లే తేల్చుకోవాలి.

ఫ్రాన్స్ పల్లెల్లో, లోయల్లో, అడవుల్లో ఇలాంటి స్తంభాలు ఎన్నో కనిపిస్తాయి. సెలవుల్లో కుటుంబాలు మౌంటెన్ బైకులు వేసుకుని అక్కడికి వెళ్తాయి. రాళ్లు, వేర్లు, బురద, నిటారు దిగుడు ఉన్న చోటికి తల్లిదండ్రులు పిల్లల్ని ఏ ధైర్యంతో పంపుతారు? అడవిలో ప్రమాదాలన్నీ తీసేశారా? లేదు. ప్రమాదం ఎక్కడ ఎంత ఉందో ముందే చెప్పే ఏర్పాటు చేశారు. దాన్ని చదవడం పిల్లలకు నేర్పుతున్నారు.

దారికి ఒక భాష

మౌంటెన్ బైక్‌ను ఫ్రాన్స్‌లో "వేతేతే" అంటారు. ఎలాంటి నేల మీదైనా నడిచే సైకిల్ అని అర్థమిచ్చే ఫ్రెంచ్ మాటలకు ఇవి పొడి అక్షరాలు. వెడల్పాటి టైర్లు, గట్టి బ్రేకులు, ముందు చక్రం దగ్గర కుదుపును తగ్గించే స్ప్రింగుల ఫోర్కు దీని ప్రత్యేకతలు. ఈ క్రీడ 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియా కొండల్లో రూపం తీసుకుంది. 1996 అట్లాంటా క్రీడలతో ఒలింపిక్స్‌లో చేరింది.

ఫ్రాన్స్ ప్రధాన భూభాగంలో దాదాపు 31 శాతం అడవే. అందులో సుమారు మూడు వంతులు ప్రైవేటు వ్యక్తులది. కాబట్టి కనిపించిన ప్రతి బాటలోకీ దూరిపోవడం కుదరదు. గుర్తులు పెట్టిన సైకిల్ దారి అంటే, అక్కడ సైకిళ్లు వెళ్లడానికి ముందే ఒప్పుదల ఉన్నట్టు. ఒక త్రిభుజం, దాని పక్కన చక్రాల్లా రెండు గుండ్రాలు ఉంటే అది సైకిల్ దారి. గుర్తు పక్కన దారి నంబరు, దాని రంగు ఉంటాయి.

రంగుల అర్థం ఇది. ఆకుపచ్చ అంటే చాలా సులభం. నీలం అంటే సులభం. ఎరుపు అంటే కష్టం. నలుపు అంటే చాలా కష్టం. ఆ దేశంలో మంచు మీద స్కీయింగ్ చేసే వాలులకు కూడా ఈ నాలుగు రంగులే వాడతారు. అందుకే అక్కడి పిల్లలకు ఈ వరుస చిన్నప్పటి నుంచే పరిచయం.

రంగు దారికి, పిల్లలకు కాదు

ఇక్కడ తల్లిదండ్రులుగా మనం ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. ఆ రంగు పిల్లలకు ఇచ్చిన గ్రేడు కాదు. ఆ దారి ఎలా ఉందో చెప్పే సమాచారం. నల్ల దారిలో వెళ్లినవారు ఫస్ట్ ర్యాంకరూ కాదు, ఆకుపచ్చ దారిలో వెళ్లినవారు వెనకబడినవారూ కాదు.

పైగా ఒకే పిల్లవాడికి సరిపోయే రంగు రోజూ ఒకేలా ఉండదు. నిన్న నీలం దారి హాయిగా తొక్కిన పాపకు, రాత్రి వాన పడి వేర్లు జారుడుగా ఉంటే ఈరోజు ఆకుపచ్చే సరైనది కావచ్చు. సరిగా నిద్ర లేకపోయినా, సైకిల్ కొత్తదైనా, వెంట చిన్న తమ్ముడు ఉన్నా లెక్క మారుతుంది. "నాకు ఏది వచ్చు?" అన్న ప్రశ్నతో పాటు "ఈరోజు ఈ నేల మీద నాకు ఏది కుదురుతుంది?" అని అడుక్కోవడం అక్కడ అసలు నైపుణ్యం.

అడవికి ముందు పది గంటలు

ఈ నిర్ణయం పిల్లలకు ఊరికే రాదు. ఫ్రాన్స్ ప్రభుత్వం 2019లో 6 నుంచి 11 ఏళ్ల పిల్లల కోసం సైకిల్ శిక్షణ కార్యక్రమం ఒకటి మొదలుపెట్టింది. కనీసం 10 గంటలు, మూడు దశలు. మొదటి దశలో బ్యాలెన్స్, బ్రేకు, మలుపు. రెండో దశలో వాహనాలు లేని చోట గుంపుగా తొక్కడం, చేత్తో సైగ చేయడం. మూడో దశలో నిజమైన రోడ్డు మీదికి రావడం. ఒక దశ వచ్చాకే తర్వాతి దశ. అక్కడ 12 ఏళ్లలోపు పిల్లలు సైకిల్ మీద ఉంటే హెల్మెట్ తప్పనిసరి. ఈ నియమం 2017 మార్చి 22న అమల్లోకి వచ్చింది. పిల్లలకు హెల్మెట్ లేకపోతే 135 యూరోల జరిమానా వెంట ఉన్న పెద్దలకు పడుతుంది.

అడవి దారికి మరికొన్ని మెళకువలు కావాలి. దిగుడులో సీటు మీద కూర్చోకూడదు. రెండు పెడల్స్ సమానమైన ఎత్తులో ఉంచి, వాటి మీద కాస్త లేచి, నడుమును వెనక్కి జరపాలి. బ్రేకు మలుపులోకి వెళ్లాక కాదు, మలుపుకు ముందే వేయాలి. ఎత్తు మొదలవకముందే గేరు తగ్గించాలి. అన్నిటికన్నా ముఖ్యం, చూపు. అడ్డం వచ్చిన రాయినే చూస్తూ ఉంటే సైకిల్ ఆ రాయి మీదికే పోతుంది. రాయి పక్కన వెళ్లాల్సిన ఖాళీని చూడాలి.

దారి మనదొక్కరిదే కాదు

ఆ లోయల్లో జనం బతుకుతున్నారు. ఆవుల్ని, గొర్రెల్ని మేపుతున్నారు. కాబట్టి మర్యాదలు కూడా శిక్షణలో భాగమే. నడిచేవాళ్లు ఎదురైతే వేగం తగ్గించి వాళ్లకే దారి ఇవ్వాలి. పచ్చిక బయలు గేటు తీస్తే మళ్లీ మూసి వెళ్లాలి.

గొర్రెల మందలకు కాపలాగా "పతూ" అనే పెద్ద తెల్ల కుక్కలు ఉంటాయి. తోడేళ్ల నుంచి మందను కాపాడటం వాటి పని. వేగంగా దూసుకొచ్చే సైకిల్‌ను అవి ముప్పుగానే చూస్తాయి. అలాంటప్పుడు సైకిల్ దిగి, అరవకుండా, రాయి విసరకుండా, మందకు దూరంగా చుట్టూ నడిచి వెళ్లాలి. సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి వరకు చాలా అడవుల్లో వేట కాలం. వేట జరుగుతోందని బోర్డు కనిపిస్తే ఆ దారి వదిలి వేరే దారి చూసుకోవడమే. ఆ నెలల్లో మెరిసే రంగు జాకెట్ వేసుకోవడం మంచిది.

తడి నేల మీద వెనక బ్రేకు గట్టిగా పట్టి చక్రాన్ని ఈడ్చడం పిల్లలకు సరదా. అలా చేస్తే నేలలో గాడి పడుతుంది. తర్వాతి వాన నీళ్లు ఆ గాడిలోనే పరుగెత్తి మట్టిని కోసుకుపోతాయి. కొన్నాళ్లకు బాట కాస్తా వాగులా తయారవుతుంది. కారణం ఇలా వివరిస్తే "వద్దు" అన్న మాట పిల్లల తలకెక్కుతుంది.

ఈ దారుల్లో పెద్దది మాసిఫ్ సెంట్రల్ అనే ఎత్తైన ప్రాంతాన్ని ఉత్తరం నుంచి దక్షిణానికి దాటుతుంది. బర్గండీలోని అవలోన్ పట్టణం దగ్గర మొదలై, మోర్వాన్ అడవులు, ఒవెర్న్‌లోని చల్లారిన అగ్నిపర్వతాలు, ఓబ్రాక్ పచ్చిక బయళ్లు, సెవెన్ కొండలు దాటి మధ్యధరా సముద్రం ఒడ్డున కాప్ దాగ్ద్ దగ్గర ముగుస్తుంది. మొత్తం సుమారు 1,400 కిలోమీటర్లు. చాలా మంది దీన్ని ముక్కలు ముక్కలుగా, ఒక్కో సెలవులో కొంత చొప్పున తొక్కుతారు. ఒకేసారి పూర్తి చేయాలన్న నియమం ఏమీ లేదు.

దిగి నడవడం ఓటమి కాదు

అక్కడి దారుల్లో నిటారు చోట్ల సైకిల్ దిగి తోసుకుంటూ నడిచే పెద్దలు కనిపిస్తారు. అదేమీ నామోషీ కాదు. ఒలింపిక్ స్థాయి ట్రాకుల్లోనూ కొన్ని కఠినమైన చోట్ల రెండు దారులు ఉంటాయి: ఒకటి దగ్గర కానీ కష్టం, రెండోది కాస్త దూరం కానీ తేలిక. ఎంచుకునేది క్రీడాకారులే.

ఫ్రాన్స్ క్రీడాకారిణి పోలీన్ ఫెరాన్-ప్రెవో సంగతి చూడండి. 2016 రియో ఒలింపిక్స్ మౌంటెన్ బైక్ రేసును ఆమె పూర్తి చేయలేక మధ్యలో ఆపేశారు. టోక్యోలో 10వ స్థానం వచ్చింది. 2024లో పారిస్ దగ్గరి ఎలాంకూర్ కొండ మీద, సొంత ప్రజల మధ్య స్వర్ణం గెలిచారు. రియోలో ఆగిపోవడం ఆమె కథకు ముగింపు కాలేదు.

మన ఇంట్లో

ఈ సెలవుల్లో పిల్లలు కాలనీలో సైకిల్ తీసేటప్పుడు ఒక పని చేసి చూడండి. ఇంటి చుట్టుపక్కల దారుల్ని వాళ్లతో కలిసి నడిచి చూడండి. ఒక కాగితం మీద మ్యాప్ గీసి, ఏ దారికి ఏ రంగు వేయాలో వాళ్లనే అడగండి. అపార్ట్‌మెంట్ లోపలి రోడ్డు ఆకుపచ్చా? కిరాణా కొట్టు మలుపు నీలమా, ఎరుపా? స్కూల్ బస్సులు తిరిగే వేళ రంగు మారుతుందా? మెయిన్ రోడ్డు నలుపే అని వాళ్లే చెబితే, ఆ మాట మనం పదిసార్లు చెప్పినదానికన్నా గట్టిగా నిలుస్తుంది. బ్రేకులు, టైర్లలో గాలి, హెల్మెట్ బెల్టు కూడా వాళ్ల చేతే చూపించండి. అత్యవసర నంబరు 112 గుర్తుందో లేదో అడగండి. ఫ్రాన్స్‌లోనూ, మన దేశంలోనూ అదే నంబరు.

ఎప్పుడైనా మీ పాప మలుపు దగ్గర ఆగి, "నాన్నా, ఇవాళ ఇది నా వల్ల కాదు, దిగి నడుస్తాను" అంటే, "భయమా?" అని నవ్వకండి. దారిని సరిగ్గా చదివినందుకు భుజం తట్టండి.