ఆ మెసేజ్ ఎవరు చదివారు?

"ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడు" అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. కానీ కేసు వెయ్యకముందే, ఒకే ఒక్క ఎస్సెమ్మెస్ వల్ల ఏడవాల్సి వచ్చిన మనిషిని నేను ఈ దోహాలోనే చూశాను. ఆ ఎస్సెమ్మెస్ పంపిన ప్రోగ్రాం రాసింది ఎవరో కాదు, నేనే! అందుకే ఈ వ్యాసం.

ముందుగా ఓ మాట. నేను లాయర్ని కాదు. కంప్యూటర్స్‌లో మాస్టర్స్ చేసి, చాలా ఏళ్ళుగా ఇక్కడి ఆఫీసులకి సాఫ్ట్‌వేర్ పెట్టిపెడుతూ బతుకుతున్నవాణ్ణి. చట్టం గురించి నేను చెప్పేదంతా పనిలో పడి నేర్చుకున్నదే. మీకు నిజంగా సమస్య ఉంటే లాయర్నే అడగండి. ఇక ఈ కథలోని మనిషి పేరు, ఊరు, చేసే పని నేను రాయటం లేదు. ఎందుకో చివర్లో చెబుతాను.

జరిగింది ఇదీ

కొన్నేళ్ళ క్రితం ఓ లా ఫర్మ్ వాళ్ళు నన్ను పిలిచారు. వాళ్ళ బాధల్లా ఒక్కటే. క్లయింట్లు అపాయింట్‌మెంట్లు మర్చిపోతున్నారు. రిసెప్షన్‌లో ఉండే అమ్మాయి రోజంతా అరబ్బులకి, మలయాళీలకి, ఫిలిప్పీన్స్ వాళ్ళకి, నేపాలీలకి, మనవాళ్ళకి ఫోన్లు చేసి చేసి గొంతు పోగొట్టుకుంటోంది. "ఏదైనా సిస్టం పెట్టండి" అన్నారు.

ఇదేం బ్రహ్మవిద్య! రెండు వారాల్లో పూర్తిచేశాను. కేసు ఫైల్లోంచి క్లయింట్ పేరు, తేదీ, టైము, విషయం తీసుకుని మెసేజ్ తనంతట తనే వెళ్ళిపోతుంది. అందరూ మెచ్చుకున్నారు, టీతో పాటు సమోసాలు కూడా తెప్పించారు. క్లయింట్ల అనుమతి సంగతేమిటని నేను అడక్కపోలేదు. రిసెప్షన్‌లో నింపే ఫారం చూపించారు. అడుగున చిన్న అక్షరాలతో అరబిక్‌లోనూ ఇంగ్లీషులోనూ ఒక వాక్యం: ఫోన్ ద్వారా సమాచారం పంపటానికి అంగీకరిస్తున్నాను. కింద సంతకం. సంతకం ఉందిగా! డేటాబేస్‌లో "సమ్మతి" అన్న కాలమ్‌లో అందరికీ "అవును" అని పెట్టేసి ఇంటికి వచ్చి హాయిగా పడుకున్నాను.

రెండు నెలలు గడిచాయి. ఒక శుక్రవారం మధ్యాహ్నం భోంచేసి కూర్చుంటే ఫోను. ఉగాది పండగనాడు మన హాల్లో వడ్డనలో సాయం చేసిన మనిషి. ఎప్పుడూ నవ్వుతూ పలకరించేవాడు, ఆరోజు గొంతు పూడుకుపోయింది.

"అన్నా, మీరు కంప్యూటర్ల మనిషి కదా. ఒక సంగతి చెప్పండి. నేను లాయర్ దగ్గరికి వెళ్ళినట్టు మా కంపెనీకి ఎలా తెలిసింది?"

ఆయనకి కొన్ని నెలల జీతం బాకీ. పైగా ఇన్నేళ్ళ సర్వీసుకి గ్రాట్యుటీ రావాలి. గొడవ పెట్టుకోకుండా ముందు సలహా తీసుకుందామని ఎవరికీ చెప్పకుండా లా ఫర్మ్‌కి వెళ్ళాడు. ఆ లా ఫర్మ్ ఏదో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఆయన ఇచ్చిన నెంబరు కంపెనీ ఇచ్చిన సిమ్‌ది. ఉన్నది అదొక్కటే. ఫోను సైట్ ఆఫీసులో చార్జింగ్‌కి పెట్టి పనిలోకి వెళ్ళాడు. నా ప్రోగ్రాం తన పని తాను చేసింది. స్క్రీన్ లాక్ అయి ఉన్నా, దానిమీద మొదటి రెండు లైన్లూ కనిపిస్తూనే ఉన్నాయి. లా ఫర్మ్ పేరు, ఆయన పేరు, "కంపెనీపై జీతం బకాయి విషయమై" అన్న ముక్క. పక్కనే సూపర్‌వైజరు.

మర్నాడు ఆఫీసుకి పిలిచి ఒక కాగితం ముందు పెట్టారట, బాకీలన్నీ ముట్టాయని. ఆయన దగ్గర అప్పటికి లాయరు లేడు, ధైర్యమూ లేదు.

నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

సంతకం ఉంది, సమ్మతి లేదు

ఆదివారం పొద్దున్నే ఆ లా ఫర్మ్‌కి వెళ్ళి సీనియర్ లాయరు ముందు కూర్చుని జరిగింది చెప్పాను. ఆయన కోప్పడలేదు, తప్పించుకోనూ లేదు. ఫారం తెప్పించి చూశారు. సంతకం తెలుగులో ఉంది. వాక్యం ఆయనకి రాని రెండు భాషల్లో ఉంది. "ఈ మనిషి దేనికి ఒప్పుకున్నాడంటారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత చాలా చదివాను. ఖతార్‌లో వ్యక్తిగత సమాచార గోప్యతకి 2016లోనే 13వ నెంబరు చట్టం వచ్చింది. గల్ఫ్ దేశాల్లో ఇలాంటి సమగ్ర చట్టం చేసిన మొదటి దేశం ఇదే. మన వివరాలు తీసుకునేవాళ్ళు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి, భద్రంగా ఉంచాలి. ఇచ్చిన సమ్మతిని మనం ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఆరోగ్యం, మతం, పిల్లలు, వైవాహిక సంబంధాలు, నేరాలు వంటి వివరాలని చట్టం ప్రత్యేకమైనవిగా లెక్కగట్టి ఇంకా గట్టి కాపలా పెట్టింది. ఆలోచించండి, లాయర్ బీరువాలో ఉండే ఫైళ్ళలో సగం ఇవేగా!

ఎలక్ట్రానిక్ మార్కెటింగ్ మెసేజ్‌ల సంగతి కూడా అందులోనే ఉంది. ముందుగా మన సమ్మతి లేకుండా పంపకూడదు. పంపేది ఎవరో, అది ప్రకటన అన్న సంగతి తెలియాలి, ఆపెయ్యమని చెప్పే దారి ఉండాలి. ఉల్లంఘనలకి జరిమానా 10 లక్షల రియాల్స్ దాకా, కొన్నిటికి 50 లక్షల దాకా. ఖతార్ ఫైనాన్షియల్ సెంటర్‌లో రిజిస్టరైన సంస్థలకి వేరే నిబంధనలున్నాయి. 2005లో చేసినవాటి స్థానంలో 2021లో కొత్తవి తెచ్చారు. వీటన్నిటికీ తోడు, వృత్తిరీత్యా తెలిసిన రహస్యాన్ని బయటపెడితే ఖతార్ శిక్షాస్మృతి, అంటే 2004 నాటి 11వ నెంబరు చట్టం ప్రకారం అది నేరం.

నన్ను సిగ్గుపడేలా చేసింది మాత్రం అమెరికా నుంచి వచ్చిన కాగితం. అమెరికన్ బార్ అసోసియేషన్ 2011 ఆగస్టులో 11-459 నెంబరుతో ఒక అభిప్రాయం వెలువరించింది. క్లయింటు తన యజమాని ఇచ్చిన కంప్యూటర్ మీదో ఫోన్ మీదో లాయర్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు జరిపితే అవి యజమాని కంట పడే ప్రమాదం ఉందని లాయరే ముందుగా హెచ్చరించాలి అని దాని సారాంశం. అంటే మా తప్పుని మాకంటే ముందే ఎవరో ఊహించి రాసిపెట్టారు. మేమే చదవలేదు.

మన దేశం సంగతికొస్తే, గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల బెంచి 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తేల్చింది. తర్వాత వచ్చిన 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టంలో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. సమ్మతి అడిగే కాగితాన్ని ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. అందులో తెలుగు ఉంది! ఆ ఒక్క ముక్క మా ఫారంలో ఉండి ఉంటే కథ వేరేగా ఉండేదేమో.

డెబ్భై అక్షరాల పాఠం

సరే, సిస్టం మళ్ళీ కట్టాం. ఈసారి ప్రోగ్రాంకి పట్టింది రెండు రోజులు, ప్రశ్నలు రాయటానికి పట్టింది నెల. ఫారం తెలుగు, హిందీ, మలయాళం, నేపాలీ భాషల్లో చేయించాం. చదవలేనివాళ్ళకి చదివి వినిపించి, ఎవరు వినిపించారో, ఏ భాషలో వినిపించారో, ఏ తేదీనో కూడా రాసిపెడతాం. ప్రశ్నలు ఇవీ:

ఈ సిమ్ ఎవరి పేరు మీద ఉంది? మీ పేరు మీదా, కంపెనీదా, భర్తదా?

ఈ ఫోను ఇంకెవరైనా పట్టుకుంటారా? రూమ్మేట్లు, పిల్లలు?

మీకు మెసేజ్ పంపమంటారా, వాట్సాప్ చేయమంటారా, ఫోన్ చేయమంటారా, అసలేమీ వద్దా?

ఫోన్ చెయ్యాలంటే ఏ టైములో మీరు ఒంటరిగా ఉంటారు?

పండగ శుభాకాంక్షలు, ఆఫీసు ప్రకటనలు కావాలా? ఈ గడి విడిగా ఉంటుంది, ముందుగా టిక్కు పెట్టి ఉండదు.

ఆఖరిది ఎందుకంటే, ఒకసారి మార్కెటింగ్ చూసే కుర్రాడు వచ్చి "క్లయింట్ల నెంబర్లన్నీ ఇవ్వండి సార్, ఈద్‌కీ దీపావళికీ గ్రీటింగ్స్ పంపుదాం" అన్నాడు. సీనియర్ లాయరు ఒప్పుకోలేదు. "కేసు కోసం ఇచ్చిన నెంబరు కేసుకే. విడాకుల కోసం వచ్చినావిడ ఫోన్లో మన గ్రీటింగ్ మోగితే, ఈ లాయర్ నీకెలా తెలుసని ఇంట్లో అడుగుతారు" అన్నారు. నిజమే కదా! మెసేజ్‌లో ఏముందన్నది తర్వాత, పంపినవాళ్ళ పేరే సగం కథ చెప్పేస్తుంది.

ఇక మెసేజ్ ఎలా రాయాలన్నది. ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అయితే 160 అక్షరాలు పడతాయి. తెలుగైతే 70 మాత్రమే. అందులోనూ గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కే. మొదట్లో ఇది నాకు చికాకుగా ఉండేది. ఇప్పుడు ఇది దేవుడిచ్చిన వరం అనిపిస్తుంది. ఇప్పుడు వెళ్ళే మెసేజ్ ఇదీ: "రేపు సా. 5కి అపాయింట్‌మెంట్. వీలుకాకపోతే ఫోన్ చేయండి." అంతే. పేరు లేదు, కేసు లేదు, ఎదుటి పార్టీ లేదు. 70లో ఇంకా చోటు మిగిలింది కూడా.

"వాట్సాప్ అయితే సేఫ్ కదండీ, ఎన్‌క్రిప్షన్ ఉంది" అని చాలామంది అడుగుతారు. ఉంది, 2016 నుంచి అందరికీ ఉంది. ఎస్సెమ్మెస్‌కి ఆ రక్షణ లేదు. కానీ ఎన్‌క్రిప్షన్ కాపాడేది దారి మధ్యలో. స్క్రీన్ మీద వెలిగిన తర్వాత, పక్కనున్నవాడి కళ్ళకి ఎన్‌క్రిప్షన్ ఎవరు పెడతారు? ఇంకో సంగతి. ఇక్కడ జనం వస్తారు, పోతారు. మనిషి ఇండియా వెళ్ళిపోయాక కొన్నాళ్ళకి ఆ ప్రీపెయిడ్ నెంబరు ఇంకొకరి చేతికి పోవచ్చు. అందుకని కొన్ని నెలలపాటు కదలిక లేని ఫైలైతే, మెసేజ్ పంపే ముందు మనిషి ఫోన్ చేసి "మీరేనా?" అని నిర్ధారించుకోవాలి అన్న నియమం పెట్టాం. రిసెప్షన్ అమ్మాయికి మళ్ళీ కొంత పని పెరిగింది. మెసేజ్‌లు ఆపమన్నవాళ్ళకి తేదీలు తెలియజేసేదీ ఆ అమ్మాయే. కొన్ని పనులు మనుషులు చేస్తేనే మంచిదని, కంప్యూటర్లవాణ్ణయ్యుండీ ఒప్పుకుంటున్నాను.

మన ఇంటి సంగతి

లాయర్ల సంగతి సరే, మన సంగతేమిటి? ఉగాదికీ, బతుకమ్మకీ, సంక్రాంతి పిక్నిక్‌కీ రిజిస్ట్రేషన్ అంటూ మనం నెంబర్లు తీసుకుంటాం. ఆ ఎక్సెల్ ఫైలు ఎంతమంది ఈమెయిళ్ళలో తిరుగుతోందో మనలో ఎవరికైనా తెలుసా? స్పాన్సర్లు అడిగితే ఇవ్వకుండా ఉన్నామా? అడక్కుండా ఎంతమందిని గ్రూపుల్లో చేర్చెయ్యలేదు! ఇది ఎవరినో వేలెత్తి చూపటం కాదు. కమిటీలో పనిచేసిన రోజుల్లో ఆ ఫైలు పంపినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇక మీరెప్పుడైనా లాయర్ దగ్గరికి వెళ్ళాల్సి వస్తే, ఫీజు గురించి అడిగే ముందే ఈ నాలుగూ చెయ్యండి. మీ పేరు మీద ఉన్న సిమ్ నెంబరే ఇవ్వండి. లేకపోతే "ఈ నెంబరుకి మెసేజ్ వద్దు" అని ఫారం మీదే రాయించండి. ఫోన్ సెట్టింగ్స్‌లో లాక్ స్క్రీన్ మీద మెసేజ్ కనిపించకుండా చేసుకోండి. ఇది ఒక్క నిమిషం పని, రాకపోతే మీ పిల్లల్ని అడగండి. అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టకండి, చదివి చెప్పమని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. మంచి లాయరు ఏమీ అనుకోడు.

చివర్లో చెబుతానన్నాను కదా. ఈ వ్యాసం రాసే ముందు ఆ మనిషికి ఫోన్ చేసి, "నీ సంగతి మన పత్రికలో రాయనా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి రాయమన్నాడు. తర్వాత ఒక్కొక్కటీ చెప్పాడు. పేరు వద్దు. ఊరు వద్దు, జిల్లా కూడా వద్దు. చేసే పని వద్దు. ఏ సంవత్సరమో వద్దు. ఆయన మాటల్ని ఆయన యాసలోనే రాస్తే జిల్లా ఇట్టే తెలిసిపోతుందని మామూలు తెలుగులోకి మార్చాను. ఆ కాగితం మీద సంతకం పెట్టాడా లేదా, డబ్బులు వచ్చాయా లేదా అన్నది కూడా ఆయన వద్దన్నవాటిలో ఉంది. మీకు తెలుసుకోవాలని ఉంటుంది, నాకు తెలుసు. క్షమించండి.

రాసింది మొత్తం ఫోన్లో చదివి వినిపించాను. ఒకచోట ఆపి, ఒక వాక్యం తీసెయ్యమన్నాడు. తీసేశాను.

"ఇంకేమైనా ఉందా?" అని అడిగాను.

"లేదన్నా. ఇప్పుడు వేసుకోండి" అన్నాడు.

డేటాబేస్‌లో "అవును" అని నేను పెట్టిన వందల ఎంట్రీల్లో ఒక్కటి కూడా ఇలా అడిగి తీసుకున్నది కాదు.