మూడు హామీలు, ఒక నాలా

కార్పొరేషన్ ఎన్నికల కరపత్రం ఏ పార్టీది తీసుకున్నా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. రోడ్లు, డ్రైనేజీ ఒక వరుస. పేదలకు ఇళ్లు ఇంకో వరుస. చెట్లు, చెరువులు, చెత్త లేని కాలనీలు అడుగున. అన్నీ కావలసినవే, కాదనేవాళ్లు ఉండరు. వీటిలో కార్పొరేటర్ చేతిలో ఉన్నదెంత, లేనిదెంత అన్నది మాత్రం ఏ కరపత్రంలోనూ కనిపించదు. ఓటరు అడగడు, అభ్యర్థి చెప్పడు.

హైదరాబాద్‌నే చూద్దాం. 2007 ఏప్రిల్‌లో పాత నగర కార్పొరేషన్ ఎంసీహెచ్‌కు చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్, జీహెచ్‌ఎంసీగా మార్చారు. 2020 డిసెంబర్ 1న దాని 150 డివిజన్లకు ఎన్నికలు జరిగాయి. అప్పటికి నెలన్నర కిందటే నగరం మునిగి తేలింది. అక్టోబర్ 13న ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన కురిసింది. పల్లె చెరువు కట్ట తెగి అల్ జుబైల్ కాలనీ ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. కొద్ది రోజులకే బాలాపూర్ గుర్రం చెరువుకు గండిపడి హఫీజ్ బాబానగర్ మునిగింది. అంత జరిగాక ప్రచారమంతా నాలాల చుట్టూ, చెరువుల చుట్టూ తిరగాలి. కానీ జనం నోళ్లలో ఎక్కువగా నలిగింది వరద సాయం పది వేల రూపాయలు ఎవరికి అందింది, ఎవరికి అందలేదన్న లెక్క. ఆ పంపిణీని మధ్యలో రాష్ట్ర ఎన్నికల సంఘం ఆపించింది కూడా. దాని తర్వాత పెద్ద హామీ ఇంటికి నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీరు. అది 2021 జనవరిలో అమలైంది. అమలు చేసింది కార్పొరేషన్ కాదు, 1989 నుంచి రాష్ట్ర ప్రభుత్వం కింద పనిచేస్తున్న జలమండలి. పది వేల సాయమూ రాష్ట్ర ఖజానాదే. అంటే కార్పొరేటర్లను ఎన్నుకునే ఎన్నికలో జోరుగా చర్చకు వచ్చిన రెండు సంగతులూ కార్పొరేటర్ సంతకంతో సంబంధం లేనివే.

ఇది ఎందుకిలా ఉందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానితోపాటు వచ్చిన 12వ షెడ్యూలులో 18 పనులున్నాయి: పట్టణ ప్రణాళిక, భవన నిర్మాణ నియంత్రణ, రోడ్లు, నీటి సరఫరా, పారిశుద్ధ్యం, పర్యావరణ రక్షణ, మురికివాడల మెరుగుదల, పార్కులు, వీధి దీపాలు, చివరికి బందెల దొడ్లు, శ్మశానాలు కూడా. జాబితా చూస్తే నగరం మొత్తం కార్పొరేషన్‌దే అనిపిస్తుంది. అయితే ఈ పనులను రాష్ట్రాలు అప్పగించవచ్చు అని రాజ్యాంగం అంది, అప్పగించి తీరాలి అనలేదు. ఆ ఒక్క వెసులుబాటు చాలు. హైదరాబాద్‌లో నీరు, మురుగు జలమండలివి. మాస్టర్ ప్లాన్, శివారు లేఅవుట్లు మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏవి. బస్సులు ఆర్టీసీవి. కరెంటు డిస్కంది. పేదల ఇళ్లు రాష్ట్ర గృహనిర్మాణ శాఖవి, ఎవరికివ్వాలో తేల్చేది కలెక్టరు. కార్పొరేషన్‌కు మిగిలిన పనుల్లో కూడా ఫైలు మీద సంతకం కమిషనర్‌ది. ఆయన్ను నియమించేది కౌన్సిల్ కాదు, ప్రభుత్వం.

మరి కార్పొరేటర్‌కు ఏముంది? కౌన్సిల్‌లో ప్రశ్న, బడ్జెట్ మీద ఓటు, వీలైతే 15 మంది ఉండే స్టాండింగ్ కమిటీలో చోటు, తన డివిజన్ పనుల మీద కన్ను. ఇవి చిన్నవేం కావు, సరైన చోట వాడితే. ఆ చోటు ఏదని నన్నడిగితే నాలా అంటాను. మౌలిక వసతులు, ఇళ్లు, పర్యావరణం అని కరపత్రం మూడు వరుసల్లో వేరుచేసినవి హైదరాబాద్ నాలా గట్టు మీద ఒకే ముడిగా ఉంటాయి.

ఈ నగరం గొలుసుకట్టు చెరువుల మీద పెరిగింది. పై చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు, అక్కడి నుంచి ఇంకా కిందికి, చివరికి మూసీకి. ఆ అలుగు నీళ్లు నడిచే దారే నాలా. కూకట్‌పల్లి నాలా హుస్సేన్‌సాగర్‌లో కలుస్తుంది. హుస్సేన్‌సాగర్ మిగులు నీరు అశోక్‌నగర్, నల్లకుంట మీదుగా మూసీకి పోతుంది. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. ఆ హద్దు దాటాక కూడా కొంత జాగా ఖాళీగా వదలాలి, అది బఫర్. 2012 నాటి జీవో 168 ప్రకారం 25 ఎకరాలకు, అంటే 10 హెక్టార్లకు తగ్గని చెరువు చుట్టూ 30 మీటర్లు, చిన్న కుంటల చుట్టూ 9 మీటర్లు వదలాలి. పది మీటర్లకు మించిన వెడల్పున్న నాలా పక్కన 9 మీటర్లు, అంతకన్నా సన్నటిదైతే 2 మీటర్లు.

కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్న హద్దు నేల మీద ఎలా చెరిగిపోతుందో చూడండి. ముందు ఎక్కడో ఇల్లు కూల్చిన శిథిలాలు రాత్రివేళ టిప్పర్లో వచ్చి చెరువు శిఖంలో పడతాయి. కొన్నాళ్లకు అక్కడ నేల ఎత్తవుతుంది. చుట్టూ రేకులు వెలుస్తాయి, తర్వాత ప్రహరీ, ఆ తర్వాత ప్లాట్ల నంబర్లు. శిథిలాలను శుద్ధి చేయడానికి జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ప్లాంట్లు ఉన్నాయి, 2016 నుంచి కేంద్రం నిబంధనలూ ఉన్నాయి. మొదటి టిప్పర్ వచ్చిన రాత్రి ఆపితే ఒక ఫోన్ కాల్‌తో పోయే పని. ప్లాట్లు అమ్ముడై, కొన్నవాళ్లు బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టాక ఆపాలంటే బుల్‌డోజర్, కోర్టు, రోడ్డు మీద ఏడుపులు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఈ రెండో దశను నగరం టీవీల్లో చూసింది. మొదటి దశ టీవీలో రాదు. అది స్థానికంగా తిరిగే మనిషికే కనిపిస్తుంది, ఆ మనిషి కార్పొరేటర్ కావాలి. శ్లాబ్ పడే చోటికి కార్పొరేటర్ మనుషులు వేరే పని మీద వస్తారని జనం అనుకుంటారన్నదీ నిజమే. ఆ అపవాదు పోగొట్టుకోవడానికి కూడా ఇంతకన్నా మంచి చోటు లేదు.

ఇక నాలా పని. 2000 ఆగస్టులో బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన పడి నగరం మునిగాక కిర్లోస్కర్ సంస్థతో అధ్యయనం చేయించారు. నాలాలు వెడల్పు చేయాలి, అడ్డంగా ఉన్న కట్టడాలు తీయాలి అని నివేదిక 2003లోనే చెప్పింది. నాలాల అభివృద్ధికి ప్రత్యేక పథకం, ఎస్‌ఎన్‌డీపీ, 2020 వరద తర్వాత గానీ రాలేదు. ఇంత ఆలస్యానికి డబ్బు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. నాలా విస్తరణ కింది నుంచి పైకి జరగాలి. పైన వెడల్పు చేసి కింద ఇరుకు అలాగే వదిలేస్తే, వేగంగా దిగిన నీళ్లన్నీ ఆ ఇరుకు దగ్గర ఎగదన్ని పక్క బస్తీలో పడతాయి. తన డివిజన్‌లో నాలాకు గోడలు కట్టించి రిబ్బన్ కత్తిరించుకున్న కార్పొరేటర్ పక్క డివిజన్‌ను ముంచినవాడు కావచ్చు. కాబట్టి ఈ పనిలో మొదటి అడుగు కింది డివిజన్ కార్పొరేటర్‌తో, అతను ఎదుటి పార్టీవాడైనా సరే, కూర్చుని మాట్లాడుకోవడం. 2020లో ఏ పార్టీకీ మెజారిటీ రాలేదు: టీఆర్‌ఎస్‌కు 56, బీజేపీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2. ఒకే నాలా మీద మూడు పార్టీల డివిజన్లు ఉండటానికి ఇంతకంటే అనువైన లెక్క ఉండదు.

విస్తరణకు ఏళ్లు పడతాయి. పూడికతీత ఏటా జరుగుతుంది, జరగాలి కూడా. అది వానలకు ముందే పూర్తికావాలి. జేసీబీతో తీసిన పూడిక తడిగా, బరువుగా ఉంటుంది. దాన్ని అప్పటికప్పుడు లారీలకెత్తడం కాంట్రాక్టర్‌కు ఖర్చు, అందుకని గట్టు మీద కుప్పలుగా వదిలేస్తారు, ఆరాక తీసుకుపోతామంటారు. ఆరేలోపు వాన వస్తుంది, కుప్ప మళ్లీ నాలాలోకి జారుతుంది. బిల్లు మాత్రం తీసిన పూడికకు, క్యూబిక్ మీటర్ల లెక్కన. ఎంత తీశారన్నది ఇంజినీర్ ఎంబుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, రాస్తాడు. ఎన్ని లారీలు వెళ్లాయి, ఎక్కడ దింపారు, ఆ కాగితాలు ఎంబుక్‌లోని కొలతతో సరిపోతున్నాయా? ఈ ప్రశ్న అడగడానికి చట్టాలేమీ మార్చనక్కర్లేదు. కార్పొరేటర్ మే నెలలో నాలుగు రోజులు గట్టు వెంట నడిస్తే చాలు. అక్కడే ఇంకొకటీ కనిపిస్తుంది: వాన నీటి నాలాలోకి మురుగు పైపు. నాలా జీహెచ్‌ఎంసీది, మురుగు జలమండలిది. రెండు సంస్థలూ ఒకరి వైపు ఒకరు వేలు చూపించుకుంటే దుర్వాసన బస్తీకి మిగులుతుంది. ఇద్దరు ఇంజినీర్లనూ ఒకే రోజు ఒకే చోటికి రప్పించగలిగిన కార్పొరేటర్ ఉపన్యాసం ఇవ్వకపోయినా ఫర్వాలేదు.

ఇళ్ల సంగతి నాలా ఇరుకు దగ్గరే మొదలవుతుంది. అక్కడ పెద్ద అపార్ట్‌మెంట్లూ ఉంటాయి, రేకుల ఇళ్లూ ఉంటాయి. పట్టా ఉన్న స్థల యజమాని భూమి పోతే అభివృద్ధి హక్కుల బదిలీ (టీడీఆర్) పత్రం తీసుకుంటాడు, దాన్ని ఇంకో చోట అదనపు అంతస్తు కట్టుకోవడానికి వాడొచ్చు, బిల్డర్‌కు అమ్ముకోవచ్చు. రేకుల ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ పత్రం రాదు. ప్రభుత్వ స్థలాల్లోని చిన్న ఇళ్లను క్రమబద్ధం చేసిన 2014 నాటి జీవో 58 కూడా నీటి వనరుల భూములకు వర్తించదు. అందులోనూ కిరాయికి ఉన్నవాళ్ల పేరు ఏ జాబితాలోకీ ఎక్కదు.

వీళ్లకు ఇల్లు ఇస్తాం అన్నప్పుడు అడగాల్సింది ఎన్ని ఇళ్లు అని కాదు, ఎక్కడ అని. 2015లో సికింద్రాబాద్ బోయిగూడ ఐడీహెచ్ కాలనీలో 396 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టి అదే బస్తీవాళ్లకు ఇచ్చారు. పని, బడి, ఆసుపత్రి ఏవీ మారలేదు. 2023 జూన్‌లో ప్రారంభమైన కొల్లూరులో ఇళ్లు 15,660. సంగారెడ్డి జిల్లాలో, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, లిఫ్టులున్న బ్లాకులు, చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. నగరం నడిబొడ్డున నాలుగిళ్లలో పనిచేసుకునే ఆమెకు అక్కడ ఇల్లొస్తే చేతిలోని పని పోతుంది, లేదంటే రోజులో సగం బస్సులో పోతుంది. అలాంటి ఇల్లు కిరాయికిచ్చి మళ్లీ బస్తీకే వచ్చేవాళ్లను తప్పుపట్టడం తేలిక. వాళ్ల లెక్క తప్పని మాత్రం నేననను.

కార్పొరేటర్ ఇళ్లు కట్టలేడు. కూల్చకముందే ఎవరెవరు ఉన్నారో, కిరాయిదారులతో సహా, పేర్లు రాయించగలడు. డివిజన్‌లో ఖాళీగా ఉన్న ప్రభుత్వ స్థలం ఎక్కడుందో అతనికి తెలిసినంతగా గృహనిర్మాణ శాఖకు తెలియదు. కాస్తో కూస్తో కాగితాలున్న పేదలకు ఇంకో దారి ఉంది. 2020 నాటి టీఎస్‌బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు దాటని ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే సరి. ఈ సంగతి తెలియక మధ్యవర్తికి వేలు పోసేవాళ్లకు డివిజన్ ఆఫీసులో ఒక కంప్యూటర్, ఓపికున్న ఒక మనిషి దొరికితే చాలు.

పర్యావరణం అనగానే మొక్కలు నాటడం గుర్తొస్తుంది. నాటిన మొక్కకు రెండో వేసవిలో నీళ్లు పోసేదెవరన్నది ఫొటోలో ఉండదు కాబట్టి దాన్ని వదిలేస్తాను. చెత్త సంగతి నాలాతో ముడిపడిందే: చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటో రాని గల్లీ చెత్త చివరికి నాలాలోకే చేరుతుంది. తడి, పొడి వేరుచేయాలని 2016 నిబంధనలే చెప్పాయి. ఇంట్లో వేరుచేసినా ఆటోలో కలిపేస్తే ఎవరికీ మళ్లీ వేరుచేయబుద్ధి కాదు. ఆటో మీద నిఘా పెట్టడం డివిజన్ స్థాయి పనే. ఇంకొకటి, ఎండ. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ప్రభుత్వ భవనాలకు, 600 గజాలకు తగ్గని స్థలాల్లో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి. ఎండను వెనక్కి కొట్టే తెల్లటి పూత అసలు కావలసింది రేకుల ఇళ్లకు, అవి ఆ 600 గజాల లెక్కలోకే రావు. డివిజన్‌లోని అంగన్‌వాడీలు, బస్తీ దవాఖానాల పైకప్పులతో మొదలుపెట్టి రేకుల ఇళ్ల దాకా తీసుకెళ్తే ఖర్చు ఒక చిన్న సీసీ రోడ్డును మించదనుకుంటాను.

మూడు లక్షలకు తగ్గని జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగమే చెప్పింది. మన దగ్గర అవి చాలావరకు పేరుకే. కాలనీ సంఘాల వాట్సాప్ గ్రూపులు వాటి స్థానంలోకి వచ్చాయి, వాటిలో నాలా గట్టు మీది కిరాయిదారు ఉండడు. కమిటీ ఉన్నా లేకున్నా పౌరుడి చేతిలో ఒక సాధనం ఉంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో మీ డివిజన్ పూడికతీత ఎంబుక్ నకలు అడగవచ్చు, దగ్గర్లోని చెరువుకు ఎఫ్‌టీఎల్ తుది నోటిఫికేషన్ అయిందో, ప్రాథమిక దశలోనే ఆగిందో అడగవచ్చు. ఈసారి కరపత్రం పట్టుకుని గుమ్మంలోకి వచ్చే అభ్యర్థి ముందు ఆ రెండు కాగితాలు పెట్టి, ఇందులో ఏ అంకె మీకు అనుమానంగా ఉందో చెప్పమనండి.