బంతి ఎత్తు

నేలమీద పడియున్న బిళ్ళను బిళ్ళంగోడు ఆడు బాలుడు ఎట్లు పైకి లేపునో మీరందరు ఎరుగుదురు. వాడు గోడును బిళ్ళ క్రిందికి దూర్చి ఎత్తబోడు. చెక్కిన కొనమీద పైనుండి చటుక్కున కొట్టును. బిళ్ళ గాలిలోనికి లేచును. గాల్ఫు ఆటలో బంతిని ఎక్కువ ఎత్తునగాని, తక్కువ ఎత్తునగాని పంపుట యెట్లో నేడు మీకు విన్నవింపదలచితిని. బిళ్ళ లేచు విధము వేరు, గాల్ఫు బంతి లేచు విధము వేరు. అయినను, క్రిందినుండి ఎత్తబోవువానికి లేవకుండుట రెంటికిని సమానము. పల్లెటూరి బాలుడు ఎనిమిదవ యేట నేర్చు నీ పాఠము నాకు నలుబదవ యేట గాని తలకెక్కలేదు.

విశాఖపట్టణమున సముద్రమునకు చేరువగా గాల్ఫు మైదానమొకటి కలదు. ప్రొద్దు తిరిగిన పిమ్మట అచ్చట కడలిగాలి బలముగా వీచును. కొన్ని యేండ్ల క్రిందట నేనును, వైద్యుడైన నా మిత్రుడొకడును జతగూడి అచ్చట ఒక పందెమాడితిమి. జతలోని ఇద్దరును ఒకే బంతిని వంతులవారీగా కొట్టవలెను. నా మిత్రునకు వేరొక ఊరికి బదిలీ యైనది; మేము కలిసి యాడు కడపటి ఆట అదియే. తుది గుంట చెంతకు వచ్చునప్పటికి ఇరుపక్షములును సమానముగా నుండెను. నా వంతు వచ్చినది. ఎదుట తుప్పలు, వాని యావల గుంట. బంతిని తుప్పల మీదుగా దాటింపవలెనని నేను వెనుకకు వాలి, నూతిలో నీరు తోడువానివలె కర్రను క్రిందినుండి పైకి లాగితిని. కర్ర అంచు బంతి నెత్తిమీద తగిలెను. బంతి నేలబారున పరుగెత్తి తుప్పలలో దూరెను. మిత్రుడెట్లో దానిని వెలికి తీసెను. మరల నా వంతు. ఈసారి గాలి యెదురైనది గదా యని ఒడలి బలమంతయు చూపితిని. బంతి గాలిపటమువలె పైకి పైకి లేచి, మింట ఒక్క క్షణము నిలిచినట్లై, ఇసుకగుంటలో నిట్టనిలువుగా పడెను. ఆట పోయినది. మిత్రుడు నవ్వి ఊరకుండెను. ఆయన కోపించినను నాకంత బాధ యుండెడిది కాదు.

మా సంచి మోయు ముసలివాడు మాత్రము ఊరకుండలేదు. “బాబూ, తవరు బంతిని లేపాలని సూడకండి. లేపడం కర్ర పని. తవరు కిందికి కొట్టండి, సాలు” అనెను. తరువాత నేను చదివి తెలిసికొన్న శాస్త్రమంతయు ఆ మాటలకు వ్యాఖ్యానమే.

కర్ర పని యెట్టిదో చూతము. గాల్ఫు కర్ర ముఖము నిట్టనిలువుగా నుండదు, వెనుకకు వాలియుండును. మిక్కిలి దూరము కొట్టుటకు వాడు డ్రైవరునకు ఈ వాలు సుమారు 10 డిగ్రీలు. ఏడవ నంబరు ఇనుపకర్రకు 30 డిగ్రీలు, అంతకు కొంచెము పైన. ఇసుకనుండి బంతిని తీయు వెడ్జికి 55 డిగ్రీల ప్రాంతము. బంతి అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు, బరువు 45.93 గ్రాములకు మించరాదు. కర్రయు బంతియు తాకియుండు కాలము సెకనులో ఇంచుమించు రెండువేలవ వంతు. అంతటి స్వల్పకాలములో మన చేయి బంతిని ఎత్తుట కల్ల. తాకిన క్షణమున ముఖము ఎంత వాలియున్నదో, బంతి లేచుట ముఖ్యముగా దానినిబట్టియే యుండును.

కావున నేలమీది బంతిని ఇనుపకర్రతో కొట్టునపుడు కర్ర ఇంకను క్రిందికి దిగుచుండగానే బంతిని తాకవలెను. పిమ్మట నేలను తాకవలెను. గడ్డిపెళ్ళ లేచినచో అది బంతియున్న చోటికి ముందుప్రక్కన లేవవలెను. వెనుకకు వాలినచో కర్ర బంతికి వెనుకనే నేలకు దిగును. అప్పుడు అది మన్నునైన త్రవ్వును. లేదా పైకి లేచుచు బంతి నెత్తినైన కొట్టును. నాకు జరిగినది ఇదియే. చిన్న మేకుమీద నిలిపిన బంతిని డ్రైవరుతో కొట్టుట ఒక్కటియే దీనికి మినహాయింపు. అచ్చట కర్ర పైకి లేచుచు తాకినను మేలే.

ఇక నా రెండవ తప్పు. వాలిన ముఖము బంతిని లేపుటయే గాక, దానిని వెనుకకు తిరుగునట్లు చేయును. నేర్పరులు కొట్టిన బంతి డ్రైవరుతోనైనచో నిమిషమునకు సుమారు 2,500 మారులు, వెడ్జితోనైనచో 9,000 మారులు తిరుగును. అట్లు తిరుగు బంతి తన్ను దాటిపోవు గాలిని క్రిందికి మరల్చును. దానికి ప్రతిగా గాలి బంతిని పైకి నెట్టును. బంతిమీది చిన్న చిన్న గుంటలు ఇందుకు తోడ్పడును. గాలి అడ్డగింపును తగ్గించును. ఎడింబరో విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన పీటర్ గత్రీ టెయిట్ 1890వ దశకములో ఈ విషయమును గణితముతో వివరించెను. ఆయన కుమారుడు ఫ్రెడ్డీ టెయిట్ 1896లోను, 1898లోను బ్రిటిష్ అమెచ్యూరు పోటీలో గెలిచిన మేటి యాటగాడు. ఇంటనే అట్టి యాటగాడుండగా ఆచార్యునకు ప్రయోగములకు కొదువ యేమి!

ఎదురుగాలిలో బంతిని తాకు గాలివేగము హెచ్చును. పైకి నెట్టు బలమును హెచ్చును. ఆపైన నేను బలముకొలది కొట్టితిని గనుక బంతి మరింత వడిగా తిరిగెను. నా బలమే నా బంతిని వెనుకకు లాగినది.

కుడిచేతివాటము వారిని దృష్టిలో నుంచుకొని ఇప్పుడు పద్ధతి చెప్పెదను. బంతి తక్కువ ఎత్తున పోవలెనన్నచో, ఆ దూరమునకు మామూలుగా తీయు కర్రకంటె ఒకటి రెండు నంబర్లు తక్కువ గలదానిని, అనగా వాలు తక్కువైనదానిని తీయుడు. పిడి కొంచెము దిగువను పట్టుడు. బంతిని మామూలు చోటికంటె కొద్దిగా కుడిపాదమువైపు ఉంచుకొనుడు. ఒడలి బరువు ఎడమకాలిమీద నుండవలెను. కర్ర బంతిని తాకువేళ చేతులు బంతికంటె ముందుండవలెను. ఇందువలన ముఖపు వాలు తగ్గును. కర్రను ముప్పాతిక మేరకే వెనుకకు తీసి, నెమ్మదిగా కొట్టి, కొట్టిన పిమ్మటను చేతులను తక్కువ ఎత్తుననే నిలుపుడు. నెమ్మది యను మాటను మరువకుడు. గాలి యెంత గట్టిదైన, దెబ్బ అంత మెత్తన కావలెను.

ఎక్కువ ఎత్తు కావలెనన్నచో వాలు ఎక్కువైన కర్రను తీయుడు. బంతిని ఎడమపాదమువైపు జరుపుడు. ముఖమును ముందు తెరచి, పిమ్మట పిడి పట్టుడు. పిడి పట్టి మణికట్టు త్రిప్పినచో ముఖము తాకువేళకు తిరిగి మూసికొనును. పూర్తిగా ఊపి, చేతులను భుజముపైకి పోనిండు. అయితే బంతి గడ్డిమీద తేలి కూర్చున్నపుడే దీనికి పూనుకొనవలెను. గట్టినేలమీద తెరచిన కర్ర అడుగు ఎగిరిపడి, బంతి నడుమను కొట్టును. అట్టిచోట దొర్లించి పంపుటయే బుద్ధిమంతుల పని.

ఎక్కువ ఎత్తునుండి దిగిన బంతి పడినచోటనే నిలుచును. తక్కువ ఎత్తున పోయినది గాలికి చిక్కక, నేలనంటి చాల దూరము దొర్లును. ఏది కావలెనో నేలయు గాలియు చెప్పును. 2006లో ఇంగ్లండునందలి హాయిలేకులో బ్రిటిష్ ఓపెను పోటీ జరిగినపుడు నేల ఎండి గట్టిపడియుండెను. అప్పటి మేటి యాటగాడైన టైగర్ వుడ్స్ నాలుగు దినముల ఆటలో డ్రైవరును ఒక్కమారే వాడెను. తక్కినచోట్ల ఎక్కువగా ఇనుపకర్రలతో తక్కువ ఎత్తున కొట్టి, బంతిని నేలకు అప్పగించి, రెండు దెబ్బల తేడాతో గెలిచెను. అంతటి బలశాలియే బలమును దాచుకొనగా, నావంటివాడు దానిని వెదజల్లుట యెందుకు?

ఆ వైద్యమిత్రునితో మరల ఆడు భాగ్యము నాకు కలుగలేదు. ఆయన మాత్రము జాబు వ్రాసినప్పుడెల్ల, “నీళ్ళు తోడుట మానితివా?” యని యడుగుచుండును. మానితినని ధైర్యముగా వ్రాయుచున్నాను. అయినను తుప్పలు ఎదుట కనబడినపుడు, నా భుజములు ఇంకను వెనుకకు వాలజూచును. అప్పుడు ఆ ముసలివాని మాట తలచుకొని, క్రిందికి కొట్టుదును. బంతి లేచును.