ఒక్క గింజే కదా?

“గంజాయి గింజను ఇంట్లో మొలిపిస్తే తప్పేమిటి? మేము అమ్మడం లేదు కదా!” యౌవనస్థులు కొందరు అడుగుతున్న ప్రశ్న ఇది. జవాబు తల్లిదండ్రులకూ తెలియాలి.

మన మాదకద్రవ్యాల చట్టం 1985 నాటిది. దాని ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉన్న కొనలు. వాటితో కలవకుండా విడిగా ఉన్న గింజలు, ఆకులు ఆ నిర్వచనంలోకి రావు. ఇంతవరకే విని కొందరు ధైర్యం తెచ్చుకుంటారు. అయితే అనుమతి లేకుండా మొక్కను పెంచడాన్నే 8వ సెక్షన్ నిషేధించింది. ఎకరమా, కుండీయా అన్న తేడా అందులో లేదు. 20వ సెక్షన్ కింద 10 ఏళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

మరో సంగతి. మత్తు వాడినందుకో, స్వల్ప పరిమాణం దొరికినందుకో కేసులో ఉన్న వ్యసనపరుడు తానే ముందుకొచ్చి, గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్స పూర్తిచేస్తే 64ఎ సెక్షన్ అతనికి మినహాయింపు ఇస్తుంది. పెంపకం నేరానికి ఆ మినహాయింపు లేదు. రోగిగా ఆదరణ పొందవలసినవాణ్ణి ఆ ఒక్క కుండీ సాగుదారుగా బోనులో నిలబెడుతుంది.

విత్తినదాన్నిబట్టే కోత ఉంటుందని గలతీయ పత్రిక ఆరో అధ్యాయంలో పౌలు హెచ్చరించాడు. తప్పులో చిక్కినవాణ్ణి సాత్వికంతో దారికి తెమ్మన్నదీ ఆ అధ్యాయమే. కాబట్టి బిడ్డ దగ్గర గింజలు కనబడితే కేకలు వేయకండి, కూర్చోబెట్టి మాట్లాడండి. వ్యసన విముక్తి సహాయానికి 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మీ కాపరికి చెప్పడానికి సిగ్గుపడకండి.