ఆకు పెరిగినా పువ్వు కట్టని క్యాలీఫ్లవర్: మందు కొట్టే ముందు ప్యాకెట్ చూడండి

క్యాలీఫ్లవర్ తోట నిగనిగలాడుతూ ఆకు మీద ఆకు వేస్తుంది, పువ్వు మాత్రం కట్టదు. పోషక లోపం అనుకొని చాలామంది రైతులు పైపాటుగా యూరియా వేస్తారు, దుకాణంలో ఇచ్చిన టానిక్ పిచికారీ చేస్తారు. ఆ ఖర్చు పెట్టే ముందు విత్తన ప్యాకెట్ మీద రకం పేరు చూడండి.

పూసా దీపాలి లాంటి తొలి రకాలు 20–27 డిగ్రీల సెల్సియస్ వేడిలోనే పువ్వు కడతాయి. పూసా స్నోబాల్ కె-1 లాంటి ఆలస్యపు రకాలకు 10–16 డిగ్రీల చల్లదనం కావాలి. ఆగస్టు, సెప్టెంబరులో మన మైదానాల్లో రాత్రిళ్లు కూడా 20 డిగ్రీలు దాటే ఉంటుంది. అప్పుడు స్నోబాల్ ఆకే వేస్తుంది.

మొక్కకు చలి ఎలా తెలుస్తుంది? జన్యువు పనిచేయాలంటే ముందు దాని నకలు ఆర్.ఎన్.ఎ. రూపంలో తయారవ్వాలి. ఆ నకలును బట్టి కణం ప్రోటీన్ చేసుకుంటుంది. ప్రోటీన్ తయారీకి పనికిరాని ఆర్.ఎన్.ఎ.లు కూడా ఉన్నాయి. వాటిలో కొన్ని, ఏ జన్యువు నకలు ఎంత తీయాలో అదుపు చేస్తాయి.

క్యాలీఫ్లవర్ లాగే ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఇది బాగా తెలిసింది. అందులో ఎఫ్.ఎల్.సి. జన్యువు పూతను ఆపి ఉంచుతుంది. చలి మొదలవగానే అదే జన్యువు మీద ఎదురు దిశలో ‘కూల్‌ఎయిర్’ అనే ఆర్.ఎన్.ఎ. ఎక్కువగా తయారవుతుంది, ఎఫ్.ఎల్.సి. నకళ్లు తగ్గుతాయి. ఇంగ్లండ్‌లోని జాన్ ఇన్నెస్ సెంటర్ శాస్త్రవేత్తలు దీన్ని 2009లో వెల్లడించారు. చలి కొన్ని వారాలు కొనసాగితే వేరే ప్రోటీన్లు వచ్చి ఆ జన్యువుకు తాళం వేసినట్టు చేస్తాయి. తర్వాత వేడెక్కినా తాళం ఊడదు. ఒక్క చల్లటి రాత్రికి మొక్క మోసపోదన్నమాట. క్యాలీఫ్లవర్‌లోనూ ఎఫ్.ఎల్.సి. రూపాలున్నాయి, పూత సమయం మారడంలో వాటికి పాత్ర ఉందని తేలింది. కాబట్టి చలి చేయాల్సిన పని యూరియా చేయలేదు.

స్నోబాల్ విత్తనాన్ని హిమాచల్ ప్రదేశ్‌లోని కులూ లోయలో పండించేదీ అక్కడి చలి కోసమే.

దీనికి తిరగబడిన తప్పు కూడా ఉంది. తొలి రకాన్ని ఆలస్యంగా నాటితే మొక్క ఎదగకముందే గుండీలంత పువ్వులు వస్తాయి. ముదురు నారు నాటినా, నత్రజని చాలకపోయినా ఇలాగే అవుతుంది. ఒకసారి గుండీ కట్టిన మొక్క మళ్లీ పెద్ద పువ్వు ఇవ్వదు.

ఇప్పటికే ఆలస్యపు రకం వేసి ఉంటే, ముందు చలి రోజులున్నాయా చూసుకోండి. ఉంటే తోట పీకవద్దు. ఎండలు ముదిరే వేళైతే దాని మీద ఇంకా పెట్టుబడి పెట్టకండి. ప్యాకెట్ మీద ఒక రకం పేరుండి పొలంలో వేరే రకం కనిపిస్తే, ఖాళీ ప్యాకెట్, బిల్లు తీసుకొని ఉద్యాన అధికారిని పిలిచి పంట పొలంలో ఉండగానే చూపించండి.