ల్యాప్‌టాప్‌కు ర్యామ్ పెంచితే వారంటీ పోతుందా?

ఇంజినీరింగ్‌లో చేరిన పిల్లల కోసం కిస్తుల మీద కొన్న ల్యాప్‌టాప్. 8 జీబీ ర్యామ్. మొదట్లో బాగానే నడిచింది. రెండో సెమిస్టర్‌కల్లా ఆండ్రాయిడ్ స్టూడియో, క్రోమ్, ఆన్‌లైన్ క్లాసు మూడూ కలిపి తెరిస్తే మౌస్ కూడా కదలట్లేదు. ఇంకో ర్యామ్ వేయిద్దామంటే ఇంట్లో అబ్బా అడిగే మాట ఒక్కటే: వారంటీ పోతే ఎవరు కడతారు?

అడగాల్సిన మాటే. కిస్తులు ఇంకా తీరలేదు మరి.

అసలు సంగతి ఏంటంటే, ర్యామ్ మార్చుకోవడానికి వీలుగా తయారుచేసిన మోడళ్లలో కేవలం ర్యామ్ వేసినందుకే వారంటీ మొత్తం పోవడం అరుదు. డెల్, హెచ్‌పీ, లెనోవో లాంటి కంపెనీలు చాలా మోడళ్లకు వెనక మూత ఎలా తీయాలో, ర్యామ్ ఎలా మార్చాలో బొమ్మలతో సహా మాన్యువల్ తమ వెబ్‌సైట్లలోనే పెడతాయి. కానీ రెండు నష్టాలు మాత్రం మనవే. బయట కొన్న ర్యామ్ పాడైతే ల్యాప్‌టాప్ కంపెనీ బాధ్యత తీసుకోదు. దానికి ర్యామ్ తయారీ కంపెనీ విడిగా ఇచ్చే వారంటీ ఉంటుంది, ఆ బిల్లు దాచుకోవాలి. రెండోది, బిగించేటప్పుడు క్లిప్పు విరిగినా, మదర్‌బోర్డు కాలినా ఆ రిపేరు ఖర్చు మనమే పెట్టుకోవాలి.

కొన్ని మోడళ్లలో స్క్రూ మీద వారంటీ సీలు అతికించి ఉంటుంది. అలా సీలు పేరు చెప్పి వారంటీ కాదనడం కుదరదని అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో కొన్ని కంపెనీలను హెచ్చరించింది. యూట్యూబ్‌లో ఆ మాట విని ఇక్కడి సర్వీస్ సెంటర్‌లో వాదిస్తే పని కాదు, అది వాళ్ల చట్టం. సీలు కనిపిస్తే చెయ్యి పెట్టకుండా సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లాలి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది, కంపెనీకి మెయిల్ రాయడం. మోడల్, సీరియల్ నంబరు ఇచ్చి, 'ర్యామ్ నేను వేసుకోవచ్చా, మీ సెంటర్‌లోనే వేయించాలా, వారంటీ ఉంటుందా' అని అడగాలి. జవాబును ప్రింటు తీసి బిల్లుతో పాటు పెట్టుకోవాలి. షాపువాడు 'ఏం కాదు భాయ్, మేం చూసుకుంటాం' అన్న మాట రేపు ఎక్కడా చెల్లదు.

కొనే ముందు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరిచి చూడండి. ఎన్ని స్లాట్లు ఉన్నాయి, ఎన్ని వాడారు, స్పీడ్ ఎంత అన్నది చాలావరకు అక్కడే తెలుస్తుంది. డీడీఆర్4 స్లాటులో డీడీఆర్5 పట్టదు, గాడి వేరేచోట ఉంటుంది. ఎంతవరకు పెంచొచ్చో కంపెనీ సైట్‌లో ఉంటుంది. సన్నటి మోడళ్లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, ఇప్పటి మ్యాక్‌బుక్‌లు అన్నీ అంతే. వాటిలో పెంచడం కుదరదు. చిప్పులు ఊడదీసి కొత్తవి అతికిస్తామనేవాళ్ల చేతికి ఇస్తే మాత్రం వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, బిగించడం మాత్రం కంపెనీ ఆథరైజ్డ్ సెంటర్‌లో చేయించుకుంటే మంచిది. బయటి ర్యామ్ బిగిస్తారా, చార్జి ఎంత అని ముందే ఫోన్‌లో కనుక్కోండి. జాబ్‌షీటు మీద 'ర్యామ్ అప్‌గ్రేడ్' అని రాయించుకోవాలి. కొన్ని వందలు ఎక్కువ పడతాయేమో గానీ, తర్వాత ఏదైనా తేడా వస్తే ఆ కాగితమే సాక్ష్యం.

పాత ర్యామ్ తీయాల్సి వస్తే దాన్ని అమ్మేయకండి. రేపు స్క్రీనో, కీబోర్డో పాడై సర్వీస్‌కు ఇస్తే ముందు అనుమానించేది కొత్త ర్యామ్‌నే. కంపెనీ ర్యామ్ తిరిగి పెట్టి ఇస్తే ఆ గొడవ ఉండదు, మనది పోతుందన్న భయమూ ఉండదు. అప్‌గ్రేడ్ చేయించారా అని అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, దాచాల్సిన పని కాదిది.

సంబంధం లేని లోపానికి కూడా ర్యామ్ సాకు చూపి వారంటీ కాదంటే, ఆ కారణం రాతపూర్వకంగా అడగండి. అది పట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

ఇంకో చిన్న విషయం. కొత్త ర్యామ్ వేశాక మొదటిసారి ఆన్ చేస్తే, ముఖ్యంగా డీడీఆర్5 ఉన్నవాటిలో, కాసేపు స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు. కంగారుపడి పవర్ బటన్ నొక్కకుండా కొన్ని నిమిషాలు ఆగి చూడండి.