గాజు పళ్లెం నుంచి మందుబిళ్ల దాకా

“క్యాన్సర్ కణాలను చంపే మందు దొరికింది” అని పత్రికల్లో తరచుగా చదువుతుంటాం. ఆ వార్తకూ రోగి చేతికి అందే బిళ్లకూ మధ్య ఎంత దూరం ఉందో వైద్యసాయం చేసే దాతలందరూ తెలుసుకోవాలి.

ప్రయోగశాలలో గాజు పళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాలపై మందు వేసి చూడటం తొలి మెట్టు. కణాలు చచ్చినంత మాత్రాన చాలదు. బ్లీచింగ్ పౌడర్ నీళ్లు పోసినా అవి చస్తాయి. చెడ్డ కణం చావాలి, పక్కనున్న మంచి కణం బతకాలి. అసలు పరీక్ష అదే.

ఇందుకు మంచి ఉదాహరణ ఇమాటినిబ్. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై ఒక తప్పుడు ప్రోటీన్ పుడుతుంది. స్విచ్ కట్టేయడానికి వీల్లేని మోటారులా అది తెల్లకణాలను పెంచుతూనే ఉంటుంది. స్విట్జర్లాండ్‌లోని సీబా-గైగీ కంపెనీ తయారుచేసిన పదార్థాన్ని అమెరికాలోని ఆరెగన్‌లో డాక్టర్ బ్రయాన్ డ్రుకర్ ఈ కణాలపై పరీక్షించారు. 1996లో ఫలితాలు వెలువడ్డాయి. రోగుల నుంచి తీసిన నమూనాల్లో చెడ్డ కణాల గుంపులు 92 నుంచి 98 శాతం తగ్గాయి. మంచి కణాలు మామూలుగానే పెరిగాయి.

అప్పటికీ అది మందు కాలేదు. మింగిన బిళ్ల కడుపులోని ఆమ్లాన్ని తట్టుకోవాలి, పేగుల నుంచి రక్తంలోకి చేరాలి, కాలేయాన్ని దాటాలి, రోజంతా చాలినంత నిలవాలి. గాజు పళ్లెంలో ఇవేవీ తెలియవు. అందుకే ముందు జంతువులపై, 1998 నుంచి మనుషులపై పరీక్షలు జరిగాయి. మింగిన ఇమాటినిబ్‌లో సుమారు 98 శాతం రక్తంలోకి చేరుతుందని తేలింది. ఇంటర్‌ఫెరాన్‌తో గుణం కనిపించని రోగుల్లో, రోజుకు 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల సంఖ్య మామూలు స్థితికి వచ్చింది. 2001 మేలో అమెరికా అనుమతి లభించింది.

ఆ తర్వాత అడ్డం వచ్చింది ధర. మన దేశంలో హైదరాబాద్‌కు చెందిన నాట్కో వంటి కంపెనీలు ఇదే మందును చాలా తక్కువ ధరకు తయారుచేశాయి. సీబా-గైగీ విలీనంతో ఏర్పడిన నోవార్టిస్ పేటెంటు కోసం వేసిన అప్పీలును 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కొట్టివేసింది.

ఈ బిళ్ల రోజూ వేసుకోవాలి. డాక్టరు చెప్పకుండా మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. కాబట్టి పన్నెండు మందికి తలా ఒక నెల మందు కొనివ్వడం కన్నా, ఒక్కరికి ఏడాదంతా ఆగకుండా అందించడం మేలు. ఇక కొత్త మందు వార్త చదివినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకుందాం: అది పనిచేసింది పళ్లెంలోనా, జంతువులోనా, మనిషిలోనా? జవాబు తెలిసేదాకా ఏ రోగినీ ఉన్న వైద్యం మాననివ్వవద్దు.